రిమార్కుల గడిలో ‘బద్ధకం’

సంపాదకులకు,

పిల్ల ఎందుకు చదవదు? బద్ధకం. బద్ధకమని ఎలా తెలిసింది? చదవదు కనుక. ప్రోగ్రెస్ కార్డుల్లో ఇలా రాస్తే, చూసినదానికే ఇంకో పేరు పెట్టినట్టు. ఆ పేరు పడ్డాక కారణం ఎవరూ వెతకరు. అసలు నష్టం అక్కడే.

వెతకడానికి మనస్తత్వ శాస్త్రవేత్త హెరాల్డ్ కెల్లీ 1967లో చూపిన దారి బడికి బాగా పనికొస్తుంది. లెక్కల పీరియడ్‌లో ఒక అమ్మాయి తూగుతోందనుకోండి. మిగతా పిల్లలూ తూగుతున్నారా? వేరే పీరియడ్లలోనూ ఈమె ఇంతేనా? రోజూనా? అందరూ తూగుతుంటే, భోజనాలయ్యాక రేకుల కింద పెట్టిన ఆ పీరియడ్‌ను మార్చాలి. ఈమె ఒక్కతే, లెక్కల్లోనే అయితే, రెండు తరగతుల కిందటి లెక్క ఇచ్చి చూడాలి. పునాది ఎక్కడ పోయిందో తెలుస్తుంది. అన్ని పీరియడ్లలో, రోజూ అయితే కారణం ఆమెలోనే ఉంది. కానీ రక్తహీనత కూడా ఆమెలోదే కదా! ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి, తర్వాతే గుణం మాట.

‘రోజూనా?’ అనే మూడో ప్రశ్నను దాదాపు అందరూ వదిలేస్తారు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానంలో దాన్ని వదలకూడదు. ఇంట్లో ఒకరు వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్తుంటే, ఆ రోజుల్లో తెల్లారకుండా లేచి వంట చేసేది ఆ పిల్లే కావచ్చు. అప్పుడు తూగు ఆ రోజుల్లోనే కనిపిస్తుంది. జీడి పిక్కలు ఏరే కాలంలోనూ అంతే.

లెక్కల మాస్టారికి తన పీరియడే కనిపిస్తుంది గనక ‘వేరే పీరియడ్లలోనూ ఇంతేనా?’ అనే రెండో ప్రశ్నకు ఆయన దగ్గర జవాబుండదు. అందుకే టీచర్లందరికీ కలిపి ఒకటే కాగితం ఉండాలి. తేదీ, పీరియడ్, పిల్ల ఏం చేసింది, పక్కవాళ్లు ఏం చేశారు అని రెండు వారాలు రాయాలి. ఒక్క వారం చాలదు; ఏ రోజుల్లో జరుగుతోందో తేలాలంటే ఆ రోజులు మళ్లీ రావాలి. ‘అశ్రద్ధ’ అని రాస్తే కాగితం చెడినట్టే. ‘బల్ల మీద తల వాల్చింది, పది నిమిషాలు’ అని రాయాలి. ఆ కాగితం పిల్లల కంట పడకూడదు.

చూసేవారు మనిషి గుణానికి ఎక్కువ, పరిస్థితికి తక్కువ పాత్ర ఇస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త లీ రాస్ 1977లో రాశారు. అయితే మరో మనస్తత్వ శాస్త్రవేత్త జోన్ మిల్లర్ 1984లో ప్రచురించిన పరిశోధనలో, మైసూరులోని హిందూ పెద్దలు అమెరికన్ల కంటే ఎక్కువగా పరిస్థితులనే కారణంగా చెప్పారు. మన ఊళ్లలోనూ ‘ఇంట్లో ఏం కష్టమొచ్చిందో’ అనే మాట ముందు వస్తుంది. కార్డు మీదికి వచ్చేసరికి అది పోతోంది, ఎందుకంటే రిమార్కుల గడిలో ఒక్క మాటకే చోటుంది. వచ్చే ఏడాది కార్డులు అచ్చుకు పోకముందే, ఆ గడి బదులు ‘ఏం చూశాం, ఏయే రోజుల్లో’ అని రెండు వరుసలు పెట్టాలని జిల్లా విద్యాశాఖను కోరుతున్నాను.

- సైకాలజీ అధ్యాపకురాలు, పలాస, శ్రీకాకుళం జిల్లా