ఆధునికాంధ్ర చరిత్ర పేపరుకు మార్కులు ఏం చూసి వేస్తున్నాం?

సంపాదకుడికి నమస్కారం.

డిగ్రీ సెమిస్టర్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఉత్తీర్ణత శాతం పత్రికల్లో వస్తుంది. ఆ మార్కులు ఏం చూసి వేశారని మాత్రం ఎవరూ అడగరు. కర్నూలు ప్రాంతంలో చాలా ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. ఆధునికాంధ్ర చరిత్ర పేపరు విషయంలో ఈ మాట ఇక అడగక తప్పదనిపించి రాస్తున్నాను.

మౌర్యుల గురించో ఫ్రెంచి విప్లవం గురించో అయితే మా పిల్లలకు పుస్తకమే దిక్కు. మన ప్రాంతపు ఆధునిక చరిత్ర అలా కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఊళ్లోనే వాళ్లు రోజూ బస్సు దిగుతారు. 1972-73 జై ఆంధ్ర ఉద్యమం రోజుల్లో కాలేజీలు మూతపడి చదువుకు గండిపడినవాళ్లు ఇప్పుడు వాళ్ల తాతల వయసులో ఉన్నారు. శ్రీశైలం జలాశయం కింద ఊరు పోగొట్టుకున్న ఇళ్ల పిల్లలు మా తరగతుల్లోనే కూర్చుంటారు. ఇన్ని ఆధారాలు చుట్టూ పెట్టుకుని పరీక్షలో మనం అడిగేది ‘శ్రీబాగ్ ఒడంబడికను గూర్చి వ్రాయుము’ అని.

ఆంధ్ర రాష్ట్రం కోసం కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న ఒప్పందం అది. దానికి గైడులో జవాబు సిద్ధంగా ఉంటుంది. 1937 నవంబరు 16, మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, కృష్ణా తుంగభద్ర పెన్నా నీళ్లలో రాయలసీమకు ప్రాధాన్యం, రాజధాని లేదా హైకోర్టు ఎంచుకునే హక్కు. సైడ్ హెడింగుల కింద స్కెచ్‌తో గీతలు గీసి ఇదంతా దించేస్తే మార్కులు పడిపోతాయి. ఆ షరతులు పెట్టాల్సిన అవసరం సీమ నాయకులకు ఎందుకొచ్చింది? 1956లో రాజధాని హైదరాబాద్‌కు తరలిపోయినప్పుడు ఆ ఒప్పందం ఏమైంది? ఇలా ఆలోచించి రాసిన పిల్లవాడికి ఒక్క మార్కు కూడా ఎక్కువ రాదు. స్పాట్ వాల్యుయేషన్‌లో ముందు కట్టలు పేరుకుపోతుంటే చేతిలో ఉన్న కీ చూసి పాయింట్లు లెక్కపెట్టడం తప్ప వాల్యుయేటర్‌కు మరో దారి ఉండదు. లోపం ప్రశ్నలోనే ఉంది.

ఆమధ్య మా విద్యార్థిని ఒకరు ఇంటర్నల్స్ కోసం ఇచ్చిన ప్రాజెక్టు గురించి చెప్పాలి. వాళ్లది ముంపు కుటుంబం. 1981లో ఊరు ఖాళీ చేసి వచ్చారు. ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున ఉన్న నష్టపరిహారం కాగితాన్ని, ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిచ్చేందుకు ప్రభుత్వం తెచ్చిన జీవో 98 కింద ఉద్యోగం కోసం పెదనాన్న ఏళ్ల తరబడి పెట్టుకున్న అర్జీల నకళ్లను ఆ అమ్మాయి తెచ్చింది. కాగితంలో భూమి మూడెకరాల చిల్లర. తాత మాత్రం మాకు ఐదెకరాలు ఉండేదంటాడు. తాత మరిచిపోయాడనో, ఆఫీసు వాళ్లు మోసం చేశారనో రాసేసి ఊరుకోవచ్చు. ఆమె అలా చేయలేదు. అదే ఊరి నుంచి వచ్చిన మరో ముగ్గురు పెద్దవాళ్ల దగ్గరకు వెళ్లి అడిగింది. మిగతా రెండెకరాలు పట్టా లేకుండా సాగు చేసుకున్న నేల అని, పరిహారం పట్టా భూమికే లెక్కగట్టారని తేలింది. తాత చెప్పిందీ నిజమే, కాగితంలో ఉన్నదీ నిజమే అని రాసి, కాగితంలోకి ఎక్కని భూమి ఇంకెన్ని కుటుంబాలకు ఉండేదో అని ప్రశ్న వేసి ముగించింది. చేతిరాతతో ఆరు పేజీలు. అక్షరదోషాలు ఉన్నాయి. చరిత్ర రాయడమంటే నాకు తెలిసినంతవరకు ఇదే.

ప్రాజెక్టుకు ఉన్నవి ఐదు మార్కులు. ఆమెకు ఐదూ వేశాం. ఇంటర్నెట్ సెంటర్‌లో చాట్‌జీపీటీతో రాయించి, రంగుల అట్టతో బైండింగ్ చేయించి తెచ్చినవాళ్లకూ నాలుగో ఐదో పడ్డాయి. సెమిస్టర్ పరీక్షలో గైడు బట్టీ పట్టినవాళ్లు ఆమెను దాటిపోయారు.

ఇంకో బాధ కూడా ఉంది. రాజధాని, హైకోర్టు, నీళ్లు అనే మాటలు వచ్చేసరికి పిల్లలకు టెన్షన్ పట్టుకుంటుంది. పేపరు దిద్దేవారిది ఏ జిల్లానో, ఏ పార్టీ అభిమానో అని ఊహించుకుని రాస్తారు. తెలంగాణలో 1956 పెద్దమనుషుల ఒప్పందం గురించి రాసేవాళ్ల పరిస్థితీ ఇలాగే ఉంటుందని అక్కడి మిత్రులు అంటారు. ఒకే ఒడంబడిక మీద గుంటూరు విద్యార్థి ఒకలా, కర్నూలు విద్యార్థి మరోలా రాసినా ఇద్దరికీ పూర్తి మార్కులు రావచ్చు. ఏ ఆధారం చూపారు, తమ వాదనకు అడ్డొచ్చే ఆధారాన్ని దాచారా, ఎదుర్కొన్నారా అన్నదే చూడాలి. ఈ మాట సెమిస్టర్ మొదట్లోనే రాతపూర్వకంగా పిల్లల చేతికి ఇవ్వాలి.

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. ప్రశ్నపత్రంలో ఒక పెద్ద ప్రశ్నను తీసేసి, దాని స్థానంలో శ్రీబాగ్ ఒడంబడికలోని నాలుగు వాక్యాలో, ఆనాటి పత్రికలో వచ్చిన వార్త ముక్కో అచ్చువేసి, దాన్నుంచి ఏం తెలుస్తోంది, ఏం తెలియడం లేదు అని అడగాలి. స్థానిక చరిత్ర ప్రాజెక్టుకు కనీసం ముప్పై మార్కులు ఉండాలి. ఇంటర్నల్స్ అంటే అయినవాళ్లకు వేసేసుకుంటారనే అనుమానం ఊరికే పుట్టింది కాదు. అందుకే పక్క కాలేజీ అధ్యాపకుడిని కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ పది నిమిషాలు వైవా పెట్టాలి. ఎవరి దగ్గరకు వెళ్లావు, ఏం అడిగావు, ఆయన చెప్పింది ఎందుకు నమ్మావు అనే మూడు ప్రశ్నలకే సొంతంగా చేసిందేదో, అరువు తెచ్చిందేదో బయటపడుతుంది. ఇదంతా జరగాలంటే ఖాళీ పోస్టులు నింపాలి. గంటకింత అని జీతం తీసుకుని రెండు మూడు కాలేజీలు తిరిగే గెస్ట్ అధ్యాపకుల మీద ఈ పని కూడా మోపితే అన్యాయం.

గ్రూప్స్‌కు బిట్లు వస్తే చాలు కదా అని పిల్లలే అంటారు. గ్రూప్-1 మెయిన్స్‌లో వ్యాసాలు రాయాల్సి వచ్చినప్పుడు వాళ్లే తిరిగొచ్చి, ఎలా రాయాలి సార్ అని అడుగుతారు.

విశ్వవిద్యాలయాల చరిత్ర విభాగాల బోర్డ్ ఆఫ్ స్టడీస్ వచ్చే విద్యా సంవత్సరానికి సిలబస్ ఖరారు చేసేలోపు ఈ విషయాన్ని చర్చకు పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అలాగే ప్రాజెక్టులను ఏడాది తిరగ్గానే కాటాకు వేయకుండా, కాలేజీ గ్రంథాలయంలో ఊళ్లవారీగా భద్రపరచమని ఒక సర్క్యులర్ ఇవ్వాలి. దానికి పైసా ఖర్చు లేదు, ఈ సెమిస్టర్ నుంచే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
ఒక చరిత్ర అధ్యాపకుడు,
కర్నూలు