బాలల గుర్రపు క్లబ్బులో లాయం పాఠాలు ఆపివేయడంపై ఫిర్యాదు

క్లబ్బు నిర్వహణ సంస్థ యాజమాన్యానికి,

విషయం: సభ్యత్వ ఒప్పందంలో పేర్కొన్న అశ్వ సంరక్షణ శిక్షణ, ఇతర కార్యక్రమాలు ఆరు నెలలుగా జరగకపోవడం గురించి.

అయ్యా / అమ్మా,

మా పన్నెండేళ్ల అమ్మాయి ఎనిమిది నెలలుగా మీ బాలల గుర్రపు క్లబ్బులో సభ్యురాలు. చేర్చిన రోజున మీరిచ్చిన కరపత్రంలో వారానికి రెండు గంటల కార్యక్రమం ఉంటుందనీ, అందులో ఒక గంట స్వారీకి, ఇంకో గంట లాయంలో పనికి కేటాయిస్తారనీ స్పష్టంగా రాసి ఉంది. సొంత గుర్రం లేని పిల్లలు కూడా గుర్రం గురించి అన్నీ నేర్చుకోవచ్చన్న వాక్యం చూసే మేము ఒప్పందం మీద సంతకం పెట్టాము. మొదటి రెండు నెలలు ఆ మాట నిలబడింది. మూడో నెల మొదట్లోనే లాయం పాఠాలు చెప్పే శిక్షకురాలు మానేశారు; ఆమె స్థానంలో ఎవరినీ నియమించకపోవడంతో ఆ గంట పూర్తిగా ఆగిపోయింది. ఇప్పుడు పిల్లలు వచ్చేసరికే సిబ్బంది గుర్రాలకు జీను కట్టి, కళ్లెం వేసి సిద్ధంగా ఉంచుతున్నారు. పిల్లలు ఎక్కి, మైదానం చుట్టూ తిరిగి, దిగి, పగ్గాలు సిబ్బంది చేతికిచ్చి ఇంటికి వస్తున్నారు. రుసుము మాత్రం రెండు గంటలకే వసూలవుతోంది.

ఆ మొదటి రెండు నెలల్లో మా అమ్మాయి ఏం నేర్చుకున్నదో చెబితే, మేము ఏం పోగొట్టుకున్నామో మీకు తెలుస్తుంది. ముందు రబ్బరు దువ్వెనతో గుండ్రంగా రుద్ది మట్టి వదిలించి, ఆ తర్వాతే వెంట్రుకల వాలు వెంట కుంచె పట్టాలని నేర్చుకుంది. గిట్టలో ఇరుక్కున్న రాళ్లను, పేడను కొక్కెంతో మడమ వైపు నుంచి ముందుకు తీయాలనీ, అడుగున ఉండే మెత్తటి త్రికోణ భాగానికి కొక్కెం మొన తగలకుండా చూడాలనీ నేర్చుకుని, వారం రోజులు మా ఇంట్లో కుర్చీ కాళ్ల మీద సాధన చేసింది. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుందని, దవడ కింద వేలు పెట్టి నాడి లెక్కించవచ్చని తెలుసుకున్న రోజున ఇంటిల్లిపాదీ నాడి పట్టి చూసి, మాలో ఒక్కరి నాడీ గుర్రం నాడి అంత నిదానంగా లేదని తేల్చింది. గుర్రం వాంతి చేసుకోలేదనీ, అందుకే నేలను కాలితో గీరుతూ, పక్కటెముకల వైపు తల తిప్పి చూస్తూ, మాటిమాటికీ పడుకుని దొర్లుతుంటే కడుపునొప్పిగా అనుమానించి వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలనీ ఆ పిల్ల నాకు వివరించింది. స్వారీ పాఠం ఏదీ దాని చేత ఇంతగా మాట్లాడించలేదు.

ఇక ఈ లేఖ రాయడానికి అసలు కారణానికి వస్తాను. గత నెలలో ఒక రోజు సిబ్బంది తక్కువగా ఉన్నారంటూ, స్వారీ అయ్యాక గుర్రాలను గుంజలకు కట్టేయమని పిల్లలకే చెప్పారు. మా అమ్మాయి తనకు తెలిసిన మామూలు ముడి వేసింది. కాసేపటికి పక్కన ఇనుప బకెట్టు పడిన చప్పుడుకు గుర్రం బెదిరి వెనక్కి లాగింది. ఆపద అనిపిస్తే పారిపోవడమే గుర్రం స్వభావం. కదలనివ్వకుండా పట్టి ఉంచే కొద్దీ దాని భయం పెరుగుతుంది. అది లాగిన కొద్దీ ముడి బిగుసుకుపోయింది, ఎవరికీ ఊడదీయడం చేతకాలేదు, చివరికి గుర్రాలను చూసుకునే ఒక సాయీసు కత్తితో తాడు కోయవలసి వచ్చింది. అదృష్టవశాత్తు పిల్లలకు గాని గుర్రానికి గాని దెబ్బ తగలలేదు. కొస పట్టి ఒక్క లాగు లాగితే ఊడివచ్చే ముడి ఒకటుందనీ, గుర్రాన్ని ఎప్పుడూ దానితోనే కట్టాలనీ నాకు ఆ సాయీసు చెబితేనే తెలిసింది. మీరిచ్చిన పాఠాల పట్టిక తీసి చూస్తే ఆ ముడి మూడో నెల రెండో వారంలో ఉంది. అంటే జరగని పాఠంలో ఉంది. అయినా మీ పర్యవేక్షకులు ఆ రోజు రిజిస్టరులో 'సభ్యురాలి అజాగ్రత్త' అని రాశారు. మిగతా విషయాల్లో సర్దుకుపోవచ్చేమో గాని, ఈ మాట మీద నేను సర్దుకుపోలేను.

ఫోనులో అడిగినప్పుడు మీ కార్యాలయం వారు, పిల్లలకు స్వారీ అంటేనే సరదా అనీ, పేడ ఎత్తడానికి ఎవరూ ముందుకు రారనీ అన్నారు. కాని 'పోనీ క్లబ్' అనే బాలల గుర్రపు స్వారీ సంస్థ పద్ధతిలో శిక్షణ ఇస్తామని కరపత్రంలో రాసుకున్నది మీరే. 1929లో బ్రిటన్‌లో మొదలైన ఆ సంస్థ స్థాయి పరీక్షల్లో స్వారీతో పాటు గుర్రం సంరక్షణను కూడా పరీక్షిస్తారు. ఆ లెక్కన మీ క్లబ్బులో ఏ పిల్లా మొదటి మెట్టు కూడా దాటే వీలు లేదు.

మూడు నెలలకోసారి జరుపుతామన్న ప్రశ్నోత్తరాల పోటీ ఒక్కసారీ జరగలేదు. నాలుగు గుర్రాలను పక్కపక్కన నిలబెట్టి, వాటి కాళ్ల తీరును, వీపును, నడకను పోల్చి, ఏది మెరుగో కారణాలతో నోటితో చెప్పించే అభ్యాసం కూడా అలాగే కాగితం మీదే మిగిలింది. వీటికి పిల్లలు గుర్రం ఎక్కవలసిన పనే లేదు కనుక, వాన వల్ల స్వారీ రద్దయిన రోజుల్లో ఇలాంటివి జరపవచ్చు. మీరు ఆ రోజుల్లో పిల్లలను వెనక్కి పంపేశారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. స్వారీ నేర్పే శిక్షకుల మీద నాకు ఫిర్యాదు లేదు. ప్రతిసారీ హెల్మెట్ సరిగా బిగిసిందో లేదో స్వయంగా చూస్తారు. గుర్రాలకు గడ్డి, నీళ్లు ఎప్పుడూ తక్కువ కాలేదు.

కాబట్టి నా కోరికలు ఇవి. రిజిస్టరులోని ఆ వ్యాఖ్యను దిద్ది, పాఠం జరగలేదన్న వాస్తవాన్ని అక్కడే రాయాలి. గుర్రాన్ని కట్టడం, నడిపించడం, వెనక నుంచి దాటడం నేర్పకుండా ఏ పిల్లకూ ఆ పనులు అప్పగించకూడదు. లాయం గంటను తగిన శిక్షకులతో తిరిగి మొదలుపెట్టి, తప్పిపోయిన పాఠాలు ఏ తేదీల్లో చెబుతారో రాతపూర్వకంగా తెలపాలి. జరగని ఆరు నెలల లాయం శిక్షణకు గాను ఆ కాలపు రుసుములో సగం తిరిగి ఇవ్వాలి. ఈ లేఖ అందిన 15 రోజుల్లో సమాధానం రాకపోతే సభ్యత్వం రద్దు చేసుకుని, మిగిలిన కాలానికి ముందుగా చెల్లించిన రుసుమును కూడా వెనక్కి కోరతాను. అలా చేయవద్దని మా అమ్మాయి నన్ను బతిమాలుతోంది. తను మాలీసు చేసిన గుర్రాన్ని వదిలి ఉండలేనంటోంది. అందుకే ముందు మీకు ఈ అవకాశం ఇస్తున్నాను.

కరపత్రం, పాఠాల పట్టిక, రుసుము రసీదుల నకళ్లు దీనితో జతపరిచాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక సభ్యురాలి తల్లి