ఇంజను అప్పుడే విప్పించకు

శామీర్‌పేట, హైదరాబాద్

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం చేరింది. కడియంలో మీ నర్సరీ గడ్డి కోసే బండి కూడా మొండికేసిందనీ, పిస్టన్ చుట్టూ ఒత్తిడి జారకుండా ఆపే రింగులు పోయాయని మెకానిక్కు తేల్చేసి ఇంజను విప్పుతానంటున్నాడనీ చదివాక నాకు నిద్ర పట్టలేదు. అతన్ని ఆదివారం దాకా ఆగమను. పోయిన నెల నాకూ అచ్చం ఇలాగే జరిగింది.

ఇక్కడి స్కూలు మైదానం నీకు తెలుసుగా. వానలు మొదలయ్యాక వారం వదిలేస్తే గడ్డి చేతికి అందదు. మా బండిది ఒకటే సిలిండర్, 17 హార్స్‌పవర్ల ఇంజను. ముందు మిట్ట ఎక్కేటప్పుడు లాగడం మానేసింది. తరువాత నీలిపొగ. ఎయిర్ ఫిల్టర్ తీస్తే నూనెలో ముంచి తీసినట్టుంది. వచ్చిన మెకానిక్కు ప్లగ్ విప్పి, ఒత్తిడి కొలిచే గేజి బిగించి స్టార్టర్ తిప్పాడు. ముల్లు 60 పౌండ్లు దాటలేదు. కంప్రెషన్ లేదు, రింగులు అరిగాయి, బోరింగు చేయించాలి, అంటే సిలిండరును లోపల తొలిపించాలి అన్నాడు.

ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఇలాంటి ఇంజన్లలో వాల్వులను తెరిపించే క్యామ్ షాఫ్టు మీద చిన్న ఏర్పాటు ఉంటుంది. స్టార్టర్ తిప్పేటప్పుడు అది ఒక వాల్వును వెంట్రుకవాసి ఎత్తి, కొంత ఒత్తిడిని కావాలనే వదిలేస్తుంది. లేకపోతే ఆ చిన్న బ్యాటరీ అంత పిస్టన్‌ను పైకి నెట్టలేదు. ఇంజను వేగం అందుకున్నాక అది తప్పుకుంటుంది. అందుకే బాగున్న ఇంజనుకు పెట్టినా గేజి తక్కువే చూపిస్తుంది. మోటార్‌సైకిలు లెక్క దీనికి పనికిరాదు.

ఒత్తిడి ఎంత ఉందని కాదు, ఎటు పోతోందని చూడాలి. ముందు ట్యాపెట్ చూడు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య సందు. ఖర్చులేని పని. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. సందు మరీ పెరిగితే ఆ చిన్న ఏర్పాటు వాల్వును ఎత్తలేక, తిప్పగానే ఇంజను సగంలో ఆగి వెనక్కి తంతుంది. అది సరిగ్గా ఉంటే గాలి పరీక్ష. బ్లేడు బెల్టు తప్పనిసరిగా తీసెయ్యి. పిస్టన్‌ను కంప్రెషన్ మీద పైకొస వరకు తీసుకురా, అప్పుడు రెండు రాకర్లూ వేలికి కొద్దిగా ఆడతాయి. ఫ్లైవీల్ నట్టుకు పానా వేసి గట్టిగా పట్టుకుని, ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్‌తో కొద్దికొద్దిగా గాలి పంపించు. పిస్టన్ ఏమాత్రం పక్కకు ఉన్నా చక్రం తిరిగిపోతుంది, చేయి జాగ్రత్త. ఇక చెవి పెట్టి వినడమే. కార్బురేటర్‌లో బుస వినిపిస్తే లోపలికి పీల్చే వాల్వు, సైలెన్సర్‌లో అయితే పొగ వదిలే వాల్వు. నూనె కొలిచే పుల్ల రంధ్రంలోంచి వస్తే రింగులు అంటారు.

మాకు అక్కడినుంచే వచ్చింది. మెకానిక్కు నా వైపు చూశాడు, నా గుండె జారింది. అయినా ఒక్క ప్రయత్నం మిగిలింది. ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఇంజను నూనె పోసి, రెండు మూడు చుట్లు తిప్పి, మళ్లీ గాలి కొట్టాను. రింగులదే తప్పయితే నూనె ఆ సందును కాసేపు మూసి బుస తగ్గాలి. ఇసుమంతైనా తగ్గలేదు.

అప్పుడు హెడ్ దించాం. సిలిండరుకూ, రాకర్లను ఎత్తే పుష్‌రాడ్లు వెళ్లే కంతకూ మధ్య, హెడ్ కింద పరిచే గాస్కెట్ సన్నని పట్టీలా ఉంటుంది. సరిగ్గా అక్కడ కాలి నల్లటి చార పడింది. మంట ఒత్తిడి ఆ కంతలోంచి కిందికి, నూనె ఉండే గదిలోకి దూరుతోంది. అక్కడ నిలవలేక నూనెను వెంటబెట్టుకుని ఆ గదిలోని గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి తన్నుతోంది. పొగ, నూనె, పుల్ల రంధ్రంలో బుస, అన్నీ దానివే. బోరు గోడల మీద కంపెనీలో పెట్టిన అడ్డగీతలు ఇంకా తెల్లగా కనిపిస్తున్నాయి! నిక్షేపంలాంటి సిలిండరును తొలిపించేవాళ్లం కదా అని నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

గాస్కెట్ ఊరికే కాలదు. పైన ఫ్యాన్ మూత ఎత్తితే సిలిండర్ రెక్కల మధ్య ఎండుగడ్డి, దుమ్ము గట్టిగా కూరుకుపోయి ఉన్నాయి. గాలి ఆడక హెడ్ వేడెక్కి కొద్దిగా వంగింది. బాలానగర్‌లో ఒక లేత్ షాపులో ముఖం సమం చేయించాను, రాణీగంజ్‌లో గాస్కెట్ దొరికింది. బోల్టులు ఒకేసారి బిగించకుండా, అడ్డంగా మార్చి మార్చి, మూడు విడతల్లో టార్క్ పానాతో బిగించాను. మొదటి తిప్పుకే అందుకుంది. మూడు వారాలైంది, ఫిల్టర్ పొడిగానే ఉంది.

నీ బండి సంగతి వేరే కావచ్చు, దానికి నిజంగానే రింగులు పోయి ఉండొచ్చు. విని తేలుద్దాం. శనివారం గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరి వస్తున్నాను, గొట్టం, పానాలు నా దగ్గరున్నాయి. పంక్చర్ షాపు కంప్రెసర్ ఒక పూటకు అడిగి ఉంచు. ఈలోగా ఫ్యాన్ మూత తీసి ఆ రెక్కల మధ్య ఏముందో చూసి నాకు ఫోను చెయ్యి.

నీ
మిత్రుడు