ఆ మామ్మగారి గాదెలో మా బట్టలు

కళ్ళు మండుతున్నాయి. గోళ్ళ సందుల్లో పిండి ఇంకా ఎండిపోయే ఉంది. పడుకుని లేచాక రాద్దామంటే ఇక రాయనని నాకే తెలుసు, అందుకే ఇప్పుడే.

తెలియనివాళ్ళకి, నేనుండేది జాంబియాలో, సౌత్ లువాంగ్వా నేషనల్ పార్కు అంచున, మ్ఫువేలో. చేత్తో బొమ్మలేసే బట్టల వర్క్‌షాపు చూసుకుంటాను. పెడనలో అద్దకం చూస్తూ పెరిగినదాన్ని, అయినా ఇక్కడి పని వేరు. గోధుమపిండి చిక్కటి జావలా కలిపి, ప్లాస్టిక్ సంచిలో పోసి, మూల కత్తిరించి, గోరింటాకు కోనులా నూలుబట్ట మీద గీతలు పిండుతారు. ఏనుగులు, జీబ్రాలు. ఎండలో ఆరాక మధ్యలో రంగు నింపి, మళ్ళీ ఆరబెట్టి, ఓవెన్‌లో పెడతారు. ఆ వేడికే రంగు నిలుస్తుంది. తర్వాత నీళ్ళలో నానేసి పిండి గీకేస్తే కింద గీత తెల్లగా బయటపడుతుంది. ఓవెన్ కంటే ముందే తడిసిందా, పిండి కరిగి, రంగు పారి, ఏనుగు కాస్తా మరక అయిపోతుంది.

ఆ ఓవెన్‌కే కరెంటు లేదు. 2024 ఫిబ్రవరిలో కరువుని జాతీయ విపత్తుగా ప్రకటించారు. కరీబా జలాశయంలో నీళ్ళు అడుగంటాయి, ఈ దేశానికి కరెంటు చాలావరకు నీళ్ళ నుంచే. వాన పడకపోతే ఎవర్ని తిడతాం? కానీ కాగితం మీద రాసిచ్చిన మూడు గంటలైనా ఇవ్వాలిగా! కరెంటు ఆఫీసుకి ఫోన్ చేస్తే "నోటెడ్ మేడమ్". నాలుగు రోజులు నోటెడే. జనరేటర్ తిప్పితే డీజిల్‌కే జీతాలు కరిగిపోతాయి. ఈ నెలల్లో టూరిస్టులు ఉండరు, అయినా మా దగ్గర నెల జీతం ఆగదు, ఆగకూడదనే ఈ తిప్పలన్నీ. ఆర్డర్ ఇచ్చినవాళ్ళేమో "ఎథికల్" అని లేబుల్ మీద పెద్దక్షరాల్లో అచ్చు వేయించుకుంటారు, రెండు రోజులు ఆలస్యమైతే బిల్లులో కోత పెడతారు. సరే, ఆ గొడవ ఇంకో రోజు.

చిపాటా అనే ఊళ్ళో ఒక బేకరీ ఆయన రాత్రి రొట్టెల పని అయ్యాక ఓవెన్ వాడుకోమన్నారు. 340 కుషన్ కవర్లు, 11 అట్టపెట్టెలు, పికప్‌లో వేసుకుని బయల్దేరాం. దూరం 100 కిలోమీటర్ల పైచిలుకు. రోడ్డు తారుదే, బండే పాతది. సగం దారిలో బెల్టు తెగింది. తూర్పున మబ్బు నల్లగా పట్టేసింది. పైన కప్పిన టార్పాలిన్‌కి చిరుగులున్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

రోడ్డు పక్క గుడిసెలోంచి ఒక మామ్మగారు వచ్చారు. ఇక్కడ పెద్దావిడని "అంబుయా" అంటారు. నా నోటికి మాత్రం మామ్మగారే వస్తోంది. ఏమిటి, ఎందుకు అని అడగలేదు. ఒక అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని నడక మొదలెట్టారు. ఇంట్లోకి కాదు, పెరట్లో గుంజల మీద కట్టిన గాదెలోకి. మా రంగుల పని చూసే కుర్రాడు మాట అందించాడు: "ఇంటి కప్పు కారుతుందట, గాదె కారదట." గాదె అడుగున ఒక మూల గుప్పెడు కంకులున్నాయి. వాటిని బేసిన్‌లోకి తీసి, మా పెట్టెలకి చోటు చేశారు. చాలకపోతే తన చిటెంగెలు, అంటే ఇక్కడి ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే బట్టలు, తెచ్చి పైన కప్పారు. ఆఖరి పెట్టె ఎక్కించేసరికి వాన దిగింది.

ఒక పెట్టె మూత ఊడింది. ఆవిడ ఒక కవరు పైకి తీసి, ఎండిన గీత మీద వేలు పెట్టి, చిన్న పెచ్చు విరిచి నాలుక మీద వేసుకున్నారు.

"ఉఫా?" అన్నారు. పిండా అని.

"అవును, గోధుమపిండి."

"తర్వాత ఏం చేస్తారు?"

కుర్రాడు నా వైపు చూశాడు. గీకేస్తామని చెప్పమన్నాను. ఆవిడ "ఊఁ" అని, కవరు మడతపెట్టి లోపల పెట్టేసి వెళ్ళిపోయారు. 2024 కరువులో పంట ఎండిపోయింది. ఈ ఏటి మొక్కజొన్న ఇంకా పచ్చి మీదే ఉంది. జనవరి అంటే ఇక్కడ గాదెలు ఖాళీ అయ్యే నెల.

గంట తర్వాత మా ముగ్గురికీ న్షిమా అనే మొక్కజొన్న పిండి ముద్ద, వేరుశనగ పొడి వేసి వండిన గుమ్మడాకు కూర పెట్టారు. ఎంత పిండి వాడారో, ఆ సంచిలో ఇంకెంత మిగిలిందో నేను చూశాను. ముద్ద చేతిలో పట్టుకుని ఏడ్చేశాను. ఆవిడకి అర్థం కాలేదు, కూర కారమైందేమోనని నీళ్ళు తెచ్చారు.

పొద్దున డబ్బులిస్తే మొహమాటం లేకుండా తీసుకున్నారు, మనవడి నోటుబుక్కులకట. రెండు మామిడిపళ్ళు చేతిలో పెట్టారు. జికోమో క్వాంబిరి, అంటే చాలా థాంక్స్, అని మూడుసార్లు అన్నాను. ఈ దేశంలో ఇన్నాళ్ళుండి నేను నేర్చుకున్నది ఆ రెండు మాటలేనా అనిపించింది.

సరుకు నిన్న రాత్రి బేకరీ ఓవెన్‌లో పెట్టి తీశాం, ఒక్కటీ పాడవలేదు. మావారు, అత్తయ్య పిల్లల్ని చూసుకున్నారు, వాళ్ళకి వేరే చెప్పేదేముంది.

అయ్యో, బేకరీ భాయ్‌కి థాంక్స్ చెప్పనేలేదు! గుజరాతీ ఆయన, తెల్లవారుజామున మూడు దాకా మాతోనే కూర్చుని టీ ఇచ్చారు. సైకిల్ మీద వెళ్ళి బెల్టు తెచ్చిన అబ్బాయి, పేరైనా అడగలేదు. లుసాకా నుంచి ఫోన్‌లో మెకానిక్ నంబర్లు పంపిన మన తెలుగువాళ్ళు ముగ్గురు. డ్రైవర్‌ని కూడా మర్చిపోయాను చూశారా, రాత్రంతా గాదె కింద కూర్చుని కాపలా కాసింది అతనే.

ఇంకొకటి. మామ్మగారి చిటెంగె ఒకటి మా పెట్టెల్లో కలిసి వచ్చేసింది. ఉతికి ఆరేశాను. 25 కిలోల పిండి సంచి కూడా కొని పెట్టాను. ఆదివారం లోపు మ్ఫువే నుంచి చిపాటా వైపు వెళ్ళేవాళ్ళుంటే చెప్పండి, నేనూ ఎక్కుతాను. మా బండి ఇంకా షెడ్డులోనే ఉంది.