కంటి శుక్లం ముదిరేదాకా ఆగొద్దు

సంపాదకులకు,

"శుక్లం ఇంకా ముదరలేదు, ఆర్నెల్లు ఆగి చేయించుకుందాం" అనే మాట మా ఊళ్లో ఇప్పటికీ వినిపిస్తుంది. అది పాతకాలపు ఆపరేషన్ల నాటి సలహా. ఇప్పుడు చిన్న కోతతో కంట్లోని మసకబారిన కటకాన్ని (సహజ లెన్స్‌ను) తీసేసి కృత్రిమ లెన్స్ పెడుతున్నారు. మరీ ముదిరితే కటకం గట్టిపడి ఆపరేషనే కష్టమవుతుంది. చుక్కల మందుతో శుక్లం కరగదు (అమ్మేవాళ్లు మాత్రం తగ్గలేదు). రాత్రిపూట ఎదురొచ్చే బండి లైటు చెదిరినట్టు కనిపిస్తుంటే వెంటనే చూపించుకోవాలి.

అసలు భయపడాల్సింది నీటికాసులకు (గ్లకోమా, అంటే చూపు నరం దెబ్బతినే జబ్బు). చాలామందిలో నొప్పే ఉండదు, పక్కచూపు మెల్లగా పోతుంది, పోయిన చూపు తిరిగి రాదు. 2018లో మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో ఊరూరా కళ్లజోళ్లు ఇచ్చారు, మంచిదే. నలభై దాటినవారికి కంటి ఒత్తిడి, షుగర్ ఉన్నవారికి రెటీనా (కంటి వెనుక పొర) పరీక్ష కూడా ఏటా మండల స్థాయిలో జరిపించాలని వైద్యశాఖను కోరుతున్నాను.

– ఓ పాఠకురాలు, సూర్యాపేట