శరత్తు ఆకురాలు కాలం కాదండీ

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఆకురాలు కాలంలో ఇంటితోట పనులంటూ అరపేజీ వేశారు. మీ పత్రికను ముప్పై ఏళ్లుగా వేయించుకుంటున్న ఇంట్లోంచి రాస్తున్నాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను, అందులో పనులు సగం మన ఊళ్లవి కావు. రాలిన ఆకులు ఊడ్చి పోగు పెట్టమన్నారు, పండ్ల చెట్ల కొమ్మలు గట్టిగా కత్తిరించమన్నారు, మడులు కప్పేసి చలి పోయేదాకా వదిలేయమన్నారు. ఇవన్నీ మంచు పడే దేశాల్లో చేసుకునే పనులు. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది, అక్టోబరు వచ్చిందంటే తను సరిగ్గా ఇవే చేస్తుంది, మిగిలిన పచ్చిమిరపకాయలన్నీ కోసేసి, కరివేపాకు కుండీని అల్లుడిగారి చేత ఇంట్లోకి మోయించి కిటికీ పక్కన పెట్టుకుంటుంది, ఎందుకంటే ఒక్క రాత్రి గట్టిగా మంచు పట్టిందంటే ఆకంతా మాడిపోతుంది. అక్కడికి అది సరి. ఇక్కడ రాజమహేంద్రవరంలో మా పెరట్లో కరివేపాకు ఇప్పుడు కొత్త చిగురు వేస్తోంది.

చిక్కంతా మాట దగ్గరే వచ్చింది. ఆటమ్ అంటే శరదృతువు అనుకుంటాం, ఆ ఊపులోనే ఆకురాలు కాలం అని కూడా రాసేస్తాం. మనకు శరత్తంటే ఆశ్వయుజం, కార్తీకం. వానలు వెనక్కి తగ్గి, ఆకాశం తేటపడి, గోదావరి లంకల్లో రెల్లు తెల్లగా పూసే రోజులు. తెలంగాణలో బతుకమ్మకి తంగేడు, గునుగు పూసేదీ ఈ రోజుల్లోనే. ఆకు రాలేది శిశిరంలో, అంటే మాఘ ఫాల్గుణాల్లో. మా వీధి చివర వేపచెట్టు ఫిబ్రవరిలో ఆకంతా రాల్చుకుని, ఉగాదికల్లా పచ్చడిలోకి పువ్వు ఇస్తుంది. అక్టోబరులో దాని కింద ఊడవడానికి పెద్దగా ఏమీ ఉండదు.

మాటదేముంది అని మీరు అనొచ్చు. మా పెరట్లో కొత్తపల్లి కొబ్బరి మామిడి చెట్టు ఒకటి ఉంది. మూడేళ్ల క్రితం ఇలాంటి సలహానే ఫోన్‌లో ఎవరో చెప్తుంటే విని, దసరా వెళ్లగానే మనిషిని పిలిచి కొమ్మలు కొట్టించాను. నెల తిరిగేసరికి కొట్టిన ప్రతిచోటా రాగి రంగులో లేత చిగుళ్లు గుత్తులు గుత్తులుగా వచ్చాయి, పట్టుకుంటే మెత్తగా వేలాడిపోయేవి, చూడముచ్చటగా ఉన్నాయని ఫొటోలు తీసి మా అమ్మాయికి పంపాను కూడా. సంక్రాంతి వచ్చింది. పక్కింటివాళ్ల చెట్టు పూతతో విరగబడి ఉంది, మా చెట్టుకి గోడవైపు కొట్టకుండా వదిలేసిన కొమ్మ మీద రెండంటే రెండు పూగుత్తులు. మామిడి పూసేది ముదిరిన రెమ్మ చివరనండీ. వానాకాలంలో వచ్చిన చిగురు ఈ రెండు నెలల్లో ముదిరి, చలి తగిలాక డిసెంబరు, జనవరిల్లో పూతకి వస్తుంది. ఆ రెమ్మల్ని ఇప్పుడు నరికేస్తే చెట్టు మళ్లీ ఆకు వేసుకునే పనిలో పడుతుంది. కత్తిరింపులన్నీ కాయ కోశాక, జూన్, జూలైల్లోనే అయిపోవాలి. ఇప్పుడు చేయాల్సిందల్లా ఎండుపుల్లలు, కొమ్మల మీద మొలిచి చెట్టు రసం పీల్చే బదనికలు ఉంటే తీసేసి, నీళ్లు తగ్గించి, చెట్టు జోలికి వెళ్లకుండా ఉండటం. ఆ ఏడాది ఆవకాయకి కాయలు బజార్లో కొనుక్కున్నాం. మీ వ్యాసం చదివి ఈ వారంలో ఎన్ని ఇళ్లలో కొమ్మలు కొట్టిస్తున్నారో అని టెన్షన్‌గా ఉంది, అందుకే ఆగకుండా ఈ ఉత్తరం.

గులాబీ సంగతి వేరు, దానికి మాత్రం కత్తెర ఇప్పుడే పెట్టాలి. వాన తెరిపిచ్చాక, ఎండిన పుల్లలు, లోపలికి పెరిగిన కొమ్మలు తీసేసి, మిగతావాటిని బయటివైపు చూస్తున్న కన్నుకి, అంటే చిగురు వచ్చే చోటుకి, కాస్త పైన ఏటవాలుగా కోస్తే నెలన్నరకల్లా పూలు మొదలవుతాయి. తులసికి గింజ కట్టిన వెన్నులన్నీ తుంచేస్తే పక్క కొమ్మలు వేసి, క్షీరాబ్ది ద్వాదశి నాటికి గుబురుగా ఉంటుంది.

మరి సర్దుకునే పని లేదా అంటే బోలెడుంది, కాకపోతే అది వాన మిగిల్చిన పని. శ్రావణంలో కాసిన బీర, ఆనప, దోస పాదులు ఇప్పటికి ఆకు ఎండి, పందిరి మీద బరువుగా పడి ఉంటాయి. వాటిని మొదలంటా లాగేయాలి. లాగినప్పుడు వేరు ఒకసారి చూడండి. వేరు నిండా ఉండలు ఉండలుగా బుడిపెలుంటే అది నులిపురుగు, ఆ వేర్లను ఎరువు గుంటలో వేయకూడదు, ఆ మడిలో ఈసారి బంతి వేసుకుంటే మంచిది, బంతి వేరు ఆ పురుగును తగ్గిస్తుంది. ఈనెలు పసుపెక్కిన బెండ మొక్కల్ని కూడా ఇంకో నాలుగు కాయలు కాస్తాయి కదా అని ఉంచకండి, తెల్లదోమ ఆ తెగులును పక్క మొక్కలకి మోస్తుంది.

తర్వాత కుండీలు. నిన్న పొద్దున్న డాబా మీద పెద్ద కుండీ ఒకటి పక్కకి జరిపాను. అడుగు చిల్లు వేర్లతో పూర్తిగా మూసుకుపోయింది, కింద పళ్లెంలో నాలుగు వేళ్ల లోతు నీళ్లు, ఆ నీళ్లలో దోమపిల్లలు కొంకిలా వంగి లేస్తూ దిగుతూ ఉన్నాయి, పళ్లెం అంచు వెనకాల మూడు నత్తలు. పైనుంచి చూస్తే ఆ మొక్క పచ్చగా, ఏ లోపమూ లేనట్టు ఉంది. డెంగ్యూ జ్వరాలు తిరిగే ఈ రోజుల్లో తోట ఉన్నవాళ్లు అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఈ పళ్లేలు దులపడం, మీ వ్యాసంలో దీని గురించి ఒక్క ముక్క లేదు.

మూడు నెలలు వాన తిన్న మట్టి గట్టిపడిపోయి, సారం సగం కిందికి కొట్టుకుపోయి ఉంటుంది. కుండీలో పై జానెడు మట్టి బొరిగెతో గుల్ల చేసి, మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి వారం రోజులు ఆరనిస్తే మట్టి పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. పచ్చి పేడ మాత్రం వేయకండి, వేర్లు మాడతాయి, చెదలు పడతాయి.

ఇక నాట్లు, నా బాధంతా ఇక్కడే. మడులు కప్పి వదిలేయమన్న ఈ రోజులే మన ఇంటితోటకి ఏడాది మొత్తంలో మంచి రోజులు. టమాటా, వంగ, క్యాబేజీ నారు ఇప్పుడు పోసుకుంటే చలిలో కాపు వస్తుంది. నారుమడిలో తడి ఎక్కువైతే మొలకలు మొదలు దగ్గర కుళ్లి ఒకే రాత్రిలో వాలిపోతాయి, అందుకని మట్టిలో కుళ్లు తెగుళ్లను అణిచే మేలైన శిలీంద్రం ట్రైకోడెర్మా విరిడి కలిపి, పైన వాన పడకుండా చూసుకుంటూ పలచగా నీళ్లు చల్లాలి. టమాటా, క్యాబేజీ నారు 25, 30 రోజులకి పీకి నాటుకోవచ్చు. అంత ఓపిక లేకపోతే మాకు కడియం దగ్గరే, కడియపులంక నర్సరీల్లో నారు దొరుకుతుంది, మీ ఊళ్లోనూ ఎక్కడో ఒకచోట దొరక్కపోదు. ముల్లంగి, క్యారట్ మాత్రం నారు పోసి పీకకండి, దుంప వంకరపోతుంది, ఉండాల్సిన చోటే గింజ వేసి ఒత్తుగా మొలిస్తే పలచన చేసుకోవాలి.

కొత్తిమీర మొలవట్లేదని అడిగేవాళ్లు ఎక్కువ. ధనియం ఒక్క గింజలా కనపడుతుంది గానీ అందులో రెండు పలుకులుంటాయి. నేను పీట మీద పోసి చెప్పు అడుగుతో మెల్లగా నలుపుతాను, చటుక్కున రెండుగా విడిపోతాయి, పొడి కాకూడదు. ఒక రాత్రి నానబెట్టి, చల్లి, వేలి మందాన మట్టి కప్పి గోనెపట్టా పరుస్తాను. మెంతులు మూడు నాలుగు రోజులకే పైకి వస్తాయి కానీ కొత్తిమీరకి పది రోజులు పడుతుంది, ఈలోపు కంగారుపడి తవ్వి చూడకూడదు.

చిక్కుడు ఆషాఢ శ్రావణాల్లోనే పెట్టి ఉంటారు, ఇప్పుడు పగలు తగ్గుతుంది కనక పూత పడుతుంది. ఆకు ఎక్కువైందని తీగలు తెగ్గోయకండి. పేనుబంక పట్టిన చిగుళ్ల మీద తెల్లారగట్ల మంచు తడి ఉండగా కట్టెల బూడిద చల్లితే చాలావరకు తగ్గుతుంది, మా అత్తగారు చేసేదీ అదే. రథసప్తమికి చిక్కుడుకాయల రథం, చిక్కుడాకు మీద పరమాన్నం పెరట్లోంచే రావాలని ఆవిడ పట్టుదల. అలాగే కార్తీకం మొదట్లో బంతి గింజ వేస్తే సంక్రాంతికి గొబ్బెమ్మల మీదికి పూలు వస్తాయి. చామంతికి మాత్రం ఇప్పుడు పిలక నాటితే ఆలస్యమే, మొగ్గ కట్టిన మొక్క తెచ్చుకోవాలి.

లాగేసిన పాదులు, కలుపు ఏం చేయాలో కూడా రాయాల్సింది. మా వీధిలో ఎండగానే గోడ పక్కన పోగేసి అగ్గిపుల్ల గీస్తున్నారు, ఆ పొగకి ఎదురింటి పెద్దాయన రాత్రంతా దగ్గుతున్నారు. బహిరంగంగా చెత్త తగలబెట్టకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది, మామూలుగా కాల్చితే 5 వేలు, పెద్ద ఎత్తున కాల్చితే 25 వేల జరిమానా అని కూడా చెప్పింది. జరిమానా మాట అలా ఉంచండి, అది కాల్చుకునే సరుకా? ముక్కలు చేసి ఒక మూల గుంటలోనో, చిల్లులు పెట్టిన పాత డ్రమ్ములోనో వేసి, మధ్యమధ్య కాస్త మట్టి, పుల్లమజ్జిగ చల్లుతూ, పదిహేను రోజులకోసారి తిరగేస్తే మూడు నాలుగు నెలల్లో నల్లగా, వాన పడ్డ నేల వాసనతో ఎరువు తయారవుతుంది.

ఇంకో మాట. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో మా అక్కవాళ్ల మునగచెట్టు విరిగి నీళ్ల ట్యాంకు మీద పడింది. మునగ పెళుసు, పొడవుగా సాగిన కొమ్మల్ని గాలి రాకముందే సగానికి తగ్గించుకోవాలి. డాబా పిట్టగోడ మీద కుండీలు ఈ రెండు నెలలూ కిందికి దించేయాలి, అవి పడేది మన ఇంట్లో కాదు, రోడ్డు మీద నడిచేవాళ్ల మీద.

మిమ్మల్ని అడిగేదొకటే. ఇంటితోట పేజీ ఆపకండి, దాన్ని ఎదురుచూసేవాళ్లం చాలామందిమి ఉన్నాం. కానీ వేరే దేశం రాతను తెచ్చి తెలుగులో పెట్టకుండా, కార్తెల వారీగా మనకోసం రాయించండి. ఇప్పుడు చిత్త నడుస్తోంది, ఆ వెనకే స్వాతి. అదీ అందరికీ ఒకేలా కాదు. తెలంగాణలో వానలు వెళ్లిపోయి ఆదిలాబాద్ వైపు రాత్రి చలి మొదలయ్యే వేళకి నెల్లూరులో అసలు వాన మొదలవుతుంది, అక్కడ ఏడాది వానలో పెద్ద వాటా ఈశాన్య రుతుపవనాలదే. నెల్లూరువాళ్లు ఈ నెల్లో నారుమడికి కాలువ తీసుకోవాలి, ఆదిలాబాద్‌వాళ్లు తడి పెట్టుకోవాలి. వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, అడిగితే చెప్పేవాళ్లు దొరుకుతారు.

మామిడి విషయం మాత్రం వచ్చే ఆదివారం దాకా ఆగకుండా రేపే చిన్న సవరణగా అయినా వేయండి. ఏ రోజు ఏ గింజ వేశానో, ఎప్పుడు మొలిచిందో, ఎప్పుడు కాసిందో పదకొండేళ్లుగా ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. మీ పేజీ రాసేవాళ్లకి గోదావరి ప్రాంతం వరకు పనికొస్తుందనుకుంటే నకలు తీయించి పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రాజమహేంద్రవరం