ఎలుక గుండె వార్తల్లో అసలు విషయం కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్తే,

హెల్త్ పేజీ తీస్తే చాలు "గుండె జబ్బుకి కొత్త మందు, ఎలుకల్లో సక్సెస్" అని ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది, కింద నాలుగు లైన్లు, ఒక ఎలుక ఫోటో, అంతే. నేను కాలేజీలో ఫార్మకాలజీ చెప్తాను. ఇవి చదివి బైపాస్ అయిన మా చుట్టాలు ఫోన్ చేసి ఆ మందు ఎప్పుడొస్తది, ఇప్పుడేసుకునే గోలీలు ఆపేయొచ్చా అని అడుగుతుంటే నిజంగా భయమేస్తుంది, అందుకే రాస్తున్నా.

చిట్టెలుక గుండె గ్రాములో పదో వంతు, కాస్త అటూ ఇటూ. నిమిషానికి 500 నుంచి 600 సార్లు కొట్టుకుంటుంది, అంటే ఒక్క సెకండులో తొమ్మిది పది సార్లు నిండి ఖాళీ అవ్వాలి, మనది నిమిషానికి 70 చిల్లర. కండరాన్ని బిగించే ప్రొటీన్ మయోసిన్ కూడా వేరే, దానికి ఎక్కువగా స్పీడుగా పనిచేసే ఆల్ఫా రకం, మన జఠరికల్లో (గుండె కింది గదుల్లో) నిదానంగా పనిచేసే బీటా రకం. ఇక స్కాన్ కోసం ఎలుకకిచ్చే మత్తుతో ఇంకో గొడవ, కెటమిన్, జైలజిన్ అనే మత్తుమందులు కలిపి ఇస్తే గుండె రేటు సగానికి పడిపోవచ్చు, ఒళ్ళు చల్లబడితే ఇంకా తగ్గుతుంది. అలాంటి గుండెని స్కాన్ చేసి వీక్‌గా ఉందంటే అది జబ్బు వల్లా మత్తు వల్లా?

ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఈఎఫ్, అంటే గుండెలో నిండిన రక్తంలో ఒక్క దెబ్బకి బయటికి పోయే వంతు) పెరిగింది అని రాస్తారు కదా, అది కూడా చూడాలి. మందు బీపీ తగ్గించిందనుకోండి, ఎదురొత్తిడి తగ్గి రక్తం తేలిగ్గా బయటికి పోతుంది, ఈఎఫ్ పెరుగుతుంది, కండరానికి మాత్రం కొత్త బలం ఏమీ రాలేదు. రక్తం ఎక్కువ నిండినా అంతే, ఉండేలు రబ్బరు లాగినకొద్దీ రాయి దూరం పోయినట్టు గుండె సాగినకొద్దీ గట్టిగా కొడుతుంది, ఫ్రాంక్ అనే శాస్త్రవేత్త కప్పల్లో, స్టార్లింగ్ అనే ఆయన కుక్కల్లో వందేళ్ళ కిందటే చూపించారు. అందుకే అర మిల్లీమీటరు మందం కూడా లేని క్యాథెటర్ని (సన్నని గొట్టాన్ని) ఎడమ జఠరికలోకి పంపి ప్రెషరూ వాల్యూమూ ఒకేసారి కొలుస్తారు, మధ్యలో పెద్ద సిరని కాసేపు నొక్కి గుండెకొచ్చే రక్తం తగ్గించి చూస్తారు, కండరం సొంత బలమెంతో అప్పుడు తేలుతుంది. చాలా ఓపిక కావాల్సిన పని ఇది, చేసేవాళ్ళంటే నాకు చాలా గౌరవం.

అలాగని ఈ ప్రయోగాలన్నీ దండగ అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. ఆస్పత్రిలో ఎక్కించే ఆర్ఎల్ (రింగర్ లాక్టేట్) సెలైన్ బాటిల్ వెనక సిడ్నీ రింగర్ ఉన్నాడు, 1880ల్లో లండన్‌లో కప్ప గుండెల మీద పనిచేసిన డాక్టరు. కుళాయి నీళ్ళతో కలిపిన ఉప్పు ద్రావణంలో బాగా కొట్టుకున్న గుండె డిస్టిల్డ్ వాటర్‌తో కలిపేసరికి ఆగిపోయింది, అలా గుండె కొట్టుకోవాలంటే కాల్షియం కావాలని తెలిసింది. ఏ నీళ్ళు వాడారన్న చిన్న వివరం మీద ఆధారపడింది అంతా. మన హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం) వాళ్ళు కూడా 2009లో ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాల ముక్క ఊడిపోవడం మనదేశంలో దాదాపు 4 శాతం మందిలో ఉందని, దానికీ గుండె కండరం జబ్బుకీ సంబంధం ఉందని చెప్పారు. అలాంటి మార్పు వల్ల గుండె బిగుసుకోవడం, వదులవడం ఎలా మారతాయో కొట్టుకుంటున్న గుండెలో చూడకుండా ఎలా తెలుస్తుంది?

కాబట్టి సార్, అలాంటి వార్త వేసేటప్పుడు ఏ జంతువు, ఏ మత్తు, కొలిచేటప్పుడు గుండె రేటెంత, ప్రెషర్ కూడా కొలిచారా, మనుషుల మీద ట్రయల్ మొదలైందా లేదా, ఈ నాలుగైదు ముక్కలు రాయండి చాలు. ఆ ఎలుకలు ప్రాణమే ఇస్తున్నాయి, కొలత సరిగ్గా లేకపోతే ఆ ప్రాణం ఉత్తినే పోయినట్టు, ఆ విషయం అడగాల్సింది ఎథిక్స్ కమిటీలే కాదు, పేపర్లు కూడా. హైదరాబాద్ రిపోర్టర్లకి ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ), సీసీఎంబీ రెండూ తార్నాక చుట్టుపక్కలే ఉన్నాయి, హెడ్డింగ్ పెట్టే ముందు అక్కడ తెలిసినవాళ్ళని ఒక్క మాట అడగండి.

ఇట్లు,
ఒక ఫార్మకాలజీ లెక్చరర్, వరంగల్